చెయ్యేటి ఇసుక కింది నీళ్లు

చెయ్యేరు ఎండిపోయిందని పైఊరి వాళ్లు అనుకునే నెలల్లోనే ఆ ఏట్లో మంచినీళ్లు దొరికేవి. సంక్రాంతి దాటాక పారకం సన్నబడేది. శివరాత్రికి పాయలుగా విడిపోయేది. ఉగాది నాటికి ఈ దరి నుంచి ఆ దరి దాకా తెల్లటి ఇసుక తప్ప ఇంకేమీ కనపడేది కాదు. పొద్దు పొడవకముందే ఆ ఇసుకలోకి కడవలు దిగేవి. రాజంపేట, నందలూరు చుట్టుపక్కల ఏటి ఒడ్డు ఊళ్లలో ‘ఏటికి పోయొస్తాం’ అంటే నీళ్లకు పోయొస్తామనే.

చెలమ, అంటే ఇసుకలో తీసే నీళ్ల గుంత, తోడడం చూసేవాళ్లకు పిల్లలాటలా అనిపిస్తుంది. తోడేవాళ్లకు తెలుసు, దానికో పద్ధతి ఉంది. ముందు చోటు చూసుకోవాలి. చివరి పాయ ఎక్కడ పారి ఆగిపోయిందో అక్కడ ఇసుక కాస్త పల్లంగా ఉంటుంది. తెల్లవారుజామున అరికాలితో పై ఇసుక తోస్తే కింద నల్లగా, చల్లగా తగులుతుంది. తుంగ మొలకలు పచ్చగా ఉన్నచోట నీళ్లు ఇంకా పైనే ఉన్నట్టు. బట్టలుతికే చోటుకు, గొడ్లు దిగే రేవుకు ఎగువనే తోడాలి. ఇసుక కింద కూడా నీళ్లు ఎగువ నుంచి దిగువకే నడుస్తాయి కాబట్టి, పైన కలిపిన మురికి మెల్లగానైనా కిందికి వస్తుంది.

తరవాత నోరు వెడల్పు. పొడి ఇసుక నిటారుగా నిలవదు, జారిపోతుంది. రెండడుగుల లోతు చెలమ కావాలంటే పైన ఆరేడు అడుగుల వెడల్పు తీయాల్సిందే. తీసిన ఇసుకను అంచున పోస్తే అదే మళ్లీ లోపలికి జారుతుంది. అందుకే దిగువ వైపు దూరంగా తోసేవాళ్లు. తడి ఇసుక తగిలాక గోడ కొంచెం నిలబడుతుంది. అక్కడినుంచి చేత్తోనో కొబ్బరి చిప్పతోనో తీయాలి. పార పెట్టకూడదు.

నీళ్లు కనిపించాక జానెడుకు మించి దిగకూడదు. ఆత్రపడి ఇంకా లోతుకు పోతే అడుగున ఇసుక ఉడుకుతున్నట్టు పైకి పొంగుతుంది. కిందనుంచి ఎక్కే ఊట ఇసుకను మోసుకొస్తుంది, గోడల కాళ్లు కరుగుతాయి, చెలమ మొత్తం పూడిపోతుంది. మొదట ఊరిన నీళ్లు కలకగా ఉంటాయి, వాటిని రెండు మూడుసార్లు తోడి పారబోయాలి. సన్నటి ఒండ్రు అంతా వాటితో పోయి, అడుగున గరుకు ఇసుక మిగిలి, నాలుగోసారి ఊరేసరికి ఇసుక రేణువులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా నీళ్లు నిలుస్తాయి. అప్పుడు చిప్పను పక్కకు వంచి పైపైన ముంచుకోవాలి. అడుగు కదిలితే మళ్లీ ఆగాల్సిందే. పైన పలచటి గుడ్డ వేసిన కడవలోకి వంపితే పని అయిపోయినట్టే. ఒకవేళ తోడుతుంటే నల్లటి మెత్తటి పొర తగిలి వాసన కొడితే, అక్కడ ఆకూ అలమూ కుళ్లిన ఒండ్రు పడి ఉందని అర్థం. దాన్ని వదిలేసి పదడుగులు పక్కకు జరగడమే మేలు.

ఈ ఇసుక ఎక్కడిది? చెయ్యేరు ఒక్క చోట పుట్టి ఒక్క పేరుతో పారే ఏరు కాదు. మదనపల్లె వైపు నుంచి బాహుదా వస్తుంది, పక్కనుంచి పింఛా వస్తుంది, రాయచోటిని ఒరుసుకుంటూ మాండవ్య వస్తుంది. ఇవన్నీ కలిశాక శేషాచలం, పాలకొండల వరుసను దాటి బాదనగడ్డ దగ్గర బయటపడి, రాజంపేట, నందలూరు మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. ఆ నీళ్లే సోమశిల జలాశయానికి చేరతాయి. పైన పరీవాహకం చాలావరకు గ్రానైటు నేల. ఎండకూ వానకూ ఆ రాయి పగిలి పలుగు రేణువులుగా, తళుకులుగా విడిపోతుంది. దాన్నే వాన కడిగి వంకల్లోకి, వంకలు ఏట్లోకి తోస్తాయి. చెయ్యేటి ఇసుక గరుకుగా, మట్టి తక్కువగా ఉండటానికి కారణం ఇదే. నీళ్లను సులువుగా మింగడానికీ, అడిగితే సులువుగా వదలడానికీ ఆ గరుకుతనమే మూలం.

పేరుకు పురాణం కూడా ఉంది. మహాభారతం శాంతిపర్వంలో శంఖలిఖితులనే అన్నదమ్ముల కథ. అన్న తోటలో పండు అడగకుండా తిన్నందుకు లిఖితుడు తానే రాజు దగ్గరికి పోయి శిక్ష అడుగుతాడు. సుద్యుమ్న మహారాజు అతని చేతులు తెగవేయిస్తాడు. అన్న చెప్పగా బాహుదలో మునిగితే చేతులు తిరిగి వస్తాయి. చెయ్యి ఇచ్చిన ఏరు కాబట్టి చెయ్యేరు అని అత్తిరాల పరశురామేశ్వరుడి గుడి దగ్గర ఇప్పటికీ చెబుతారు.

నీళ్ల రుచి సంగతికొస్తే, సున్నపురాయి నేలల మీద పారిన నీళ్లకూ, గ్రానైటు ఇసుకలో వడకట్టిన నీళ్లకూ తేడా పొయ్యి మీదే తెలుస్తుంది. చెలమ నీళ్లలో కందిపప్పు తొందరగా మెత్తబడేది. చవిటి బావి నీళ్లలో ఎంతసేపు ఉడికినా పలుకు మిగిలేది. నందలూరులో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉన్న రోజుల్లో రైల్వే వాళ్లు కూడా చెయ్యేటి నీళ్లను మెచ్చుకునేవాళ్లని ఆ ఊళ్లో అందరూ చెప్పే మాట. అందులో అతిశయోక్తి లేదు. సున్నం ఎక్కువున్న నీళ్లు కాగితే బాయిలరు గొట్టాల చుట్టూ గట్టి పొర కడుతుంది. ఆ పొర గొట్టంలోని వేడిని నీళ్లకు అందనివ్వదు. బొగ్గు ఎక్కువ తింటుంది, గొట్టం అతిగా కాలి పగులుతుంది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు దాకా లైను పడింది. ఆ దారిలో మెత్తటి నీళ్లు ఏడాది పొడుగునా ఇచ్చే ఏరు పక్కనే ఉండటం నందలూరుకు కలిసొచ్చింది.

ఇసుక ఎన్ని నీళ్లు దాస్తుందో ఒకసారి లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఉదాహరణకు ఒక కిలోమీటరు పొడవు, 300 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతు ఇసుక ఉందనుకుందాం. అది 18 లక్షల ఘనపు మీటర్లు. గరుకు ఇసుక తన పరిమాణంలో అయిదో వంతు నీళ్లు బయటికి ఇస్తుందని తక్కువలో తక్కువగా లెక్క వేసుకున్నా, కిలోమీటరుకు 3.6 లక్షల ఘనపు మీటర్లు. అంటే అలాంటి ఇసుక 80 కిలోమీటర్ల దూరం ఉంటే దాదాపు ఒక టీఎంసీ, అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. పింఛా ప్రాజెక్టు మొత్తం నిల్వే 0.327 టీఎంసీలు. కట్ట, గేటు, ముంపు ఏవీ లేకుండా దానికి మూడింతలు ఏటి కిందే ఉన్నట్టు.

పైగా ఆ నిల్వను ఎండ ముట్టలేదు. చెరువు నీళ్లు వేసవిలో కళ్లముందే ఆవిరైపోతాయి. ఇసుకలో నీటిమట్టం రెండడుగుల కిందికి దిగిందంటే పై ఇసుక దుప్పటి కప్పినట్టు పనిచేస్తుంది. రేణువులు గరుకుగా ఉండటం వల్ల నీళ్లు వాటంతట అవి అంత పైకి పాకలేవు. చైత్ర వైశాఖాల్లో అరికాళ్లు బొబ్బలెక్కే ఇసుక మీద నిలబడి, రెండడుగుల కింద చేయి పెడితే జివ్వుమనేది అందుకే.

ఆ దాచిన నీళ్లను మోటారు, ఎద్దులతో తోడే కపిల ఏదీ లేకుండా పొలానికి తెచ్చిన విద్య ఊటకాలువ. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది. రాయలసీమలో పెన్నకూ దాని ఉపనదులకూ ఆనుకున్న ఊళ్లు తరతరాలుగా బతికింది దీనిమీదే. సూత్రం ఒక్కటే, ఏటి వాలు కంటే కాలువ వాలు తక్కువ. ఏరు కిలోమీటరుకు 2 మీటర్లు దిగుతుందనుకుందాం. కాలువను కిలోమీటరుకు అర మీటరు మాత్రమే దింపుతారు. ఎగువన ఇసుకలో 3 మీటర్ల లోతున ఊట పట్టుకుని మొదలుపెడితే, ప్రతి కిలోమీటరుకూ ఒకటిన్నర మీటరు కలిసొస్తూ, రెండు కిలోమీటర్లు పోయేసరికి కాలువ నీళ్లు ఏటి మట్టానికి సమానంగా పైకి తేలతాయి. నిజానికి నీళ్లు పైకి ఎక్కలేదు, ఏరే కిందికి దిగింది. అక్కడినుంచి ఒడ్డు తెగ్గోసి పొలాల్లోకి మళ్లించడమే.

తవ్వడం దిగువ నుంచి ఎగువకు సాగాలి. ఇది తెలియక ఎగువన మొదలుపెడితే ఊరిన నీళ్లు పోయే దారి లేక పనివాళ్ల కాళ్లకిందే నిలిచి, గోడలు నాని కూలతాయి. దిగువ నుంచి వస్తే ఊట ఎప్పటికప్పుడు వెనక్కి పారిపోతూ ఉంటుంది. వాలు సరిగ్గా ఉందో లేదో ఆ పారే నీళ్లే చెబుతాయి. ఎక్కడైనా నిలిచిందంటే అక్కడ గట్టు మిగిలినట్టు, ఇసుక దొర్లుతూ పరుగెత్తిందంటే వాలు ఎక్కువైనట్టు. వాలు ఎక్కువైతే రెండు నష్టాలు. కాలువ తన అడుగును తానే కోసుకుంటుంది, పొలం దగ్గరికి వచ్చేసరికి మట్టం చాలదు. పక్కలు జారకుండా వెంపలి కంప, తుంగ, తాటిమట్టలు అడ్డం పేర్చి ఇసుక ఎగదోసేవాళ్లు. కంప సందుల్లోంచి నీళ్లు వస్తాయి, ఇసుక ఆగిపోతుంది.

ఏరు వచ్చిన ప్రతి ఏడూ ఈ కాలువ పూడిపోయేది. అది కాలువ తప్పు కాదు, దాని పద్ధతే అంత. నీళ్లు దిగగానే ఆయకట్టు కింద ఎకరాకు ఇంతమంది అని లెక్కకట్టి ఇంటికో మనిషి పార, గంప పట్టుకుని దిగాల్సిందే. రానివాళ్లు బదులు మనిషిని పంపాలి, లేదా కూలి కట్టాలి. నీరుగంటి వంతులు చూసేవాడు. పొలానికి ఇన్ని జాములని లెక్క, రాత్రి వంతు వచ్చినవాళ్లకు మరుసటి మారు పగటి వంతు. చివరి మడికి నీళ్లు అందాయా లేదా అన్నదే నీరుగంటి పనితనానికి పరీక్ష. వరి, పసుపు లాంటి పైర్లు ఈ నీళ్లమీద పండాయి. ఇసుక మీదే దోస పెట్టేవాళ్లు కూడా ఉండేవాళ్లు. తడి తగిలేదాకా గుంత తీసి, పేడ ఎరువు నింపి, అందులో గింజ నాటితే వేరు తానే నీటిని వెతుక్కుంటూ దిగేది. ఏరు మళ్లీ వచ్చేలోపు కాపు అయిపోవాలి, అంతే షరతు.

తరవాత వొరల బావులు వచ్చాయి. సిమెంటు వొరను, అంటే గుండ్రటి చుట్టును, ఇసుకమీద నిలబెట్టి, మనిషి లోపల కూర్చుని ఇసుక తోడుతుంటే వొర తన బరువుకు తానే దిగుతుంది. దానిమీద ఇంకోటి, దానిమీద ఇంకోటి. ఒకే పక్క ఎక్కువ తోడితే బావి ఆ పక్కకు వాలుతుంది. అప్పుడు ఎత్తుగా ఉన్న వైపు కింద తోడి సరిచేయాలి. మూడు నాలుగు వొరలు దిగాక ఒరిగితే సరిచేయడం మహా కష్టం, అందుకే మొదటి వొర దగ్గరే రసమట్టంతో చూసుకోవాలి. చిల్లుల వొరలు అడుగున, వాటి చుట్టూ గులకరాయి. రాయి వేయకుండా పెద్ద మోటారు బిగిస్తే నీళ్లతోపాటు ఇసుక లాగి, మోటారు అరిగిపోవడమే కాక బావి చుట్టూ నేల కుంగుతుంది.

ఊటకాలువను చంపింది ముందుగా ఈ మోటార్లేనని నా గట్టి నమ్మకం. కాలువ నీళ్లను లాగలేదు, తన మట్టానికి వచ్చిన నీళ్లనే తీసుకుంటుంది. నీటిమట్టం ఒక్క మీటరు తగ్గినా బావికి లెక్క లేదు, ఇంకో వొర దింపుకుంటుంది. కాలువకు మాత్రం ఆ మీటరే ప్రాణం. మట్టం తగ్గిన ఏడు ఎగువ మొన ఎండిపోతుంది. రెండేళ్లు వరుసగా ఎండితే పూడిక తీయడానికి మనుషులు రారు. పూడిక తీయని కాలువను మూడో ఏడు ఎవరూ గుర్తుపట్టలేరు.

ఏరు రావడం కూడా చూడాల్సిన సంగతే. ఈ కొండలకు ఈశాన్య రుతుపవనాల మీద ఆశ ఎక్కువ. కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం లేచి తిరుమల కొండలను తాకిందంటే ఇక్కడ వంకలన్నీ ఒక్కసారిగా కదులుతాయి. ఎండిన ఏట్లో తొలి నీళ్లు పరుగెత్తుకు రావు, ఇసుక తాగుతూ తాగుతూ వస్తాయి. ఇందాకటి లెక్కే తీసుకుంటే, పూర్తిగా ఎండిన కిలోమీటరు ఇసుక 1,000 క్యూసెక్కుల (సెకనుకు 1,000 ఘనపుటడుగుల) ప్రవాహాన్ని మూడున్నర గంటలు మింగగలదు. అందుకే సన్నటి వాగు నీళ్లు మధ్యదారిలోనే మాయమయ్యేవి. ముందు నురుగు, ఎండుటాకులు, పుల్లలు నాలుకలా పాకుతూ వచ్చేవి. వెనక ఎర్రటి కలక. ఇసుక నిండాకనే ఏరు గొంతు విప్పేది. ఆ తొలి రోజుల్లో ఏట్లో నడవడం ప్రమాదం. కొత్తగా నానిన ఇసుక కాలికింద కరిగిపోతుంది. దాటాల్సివస్తే కర్రతో ముందు పొడిచి చూసుకుంటూ, దిగువకు ఏటవాలుగా, పాదం ఎత్తకుండా ఈడుస్తూ దాటేవాళ్లు. పారే నీళ్లు మోకాలు దాటాయంటే వెనక్కి తిరగడమే.

ఇసుక పోవడం మోటార్ల తరవాతి దెబ్బ. ఇసుక తవ్వకానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం హద్దులు పెట్టింది. ఆ హద్దులకు కారణం తెలిస్తే వాటిని దాటాలని ఎవరికీ అనిపించకూడదు. ఏట్లో పెద్ద గుంత తీస్తే నష్టం ఆ గుంత దగ్గరే ఆగదు. ఏరు వచ్చినప్పుడు గుంత ఎగువ అంచు కోతపడి పైపైకి పాకుతుంది, వంతెన స్తంభాల కాళ్లు బయటపడతాయి. గుంతలో దిగిన ఇసుక దిగువకు చేరదు కాబట్టి అక్కడ ఆకలిగొన్న నీళ్లు ఒడ్డును కోస్తాయి. మూడు మీటర్ల ఇసుక పోయిందంటే ఆ మూడు మీటర్లలో ఇమిడే నీళ్లు ఇక ఏ వాన కురిసినా నిలవవు. కింద మిగిలేది బండ, జిగట మట్టి. వాటిలో చెలమ తోడలేం.

2021 నవంబరు 19 తెల్లవారుజామున, చెయ్యేటి మీద బాదనగడ్డ దగ్గర కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. దానికి ముందు ఎగువన పింఛా దగ్గర కట్ట తెగింది. అన్నమయ్య నిల్వ 2.24 టీఎంసీలు. ఆ రాత్రి వచ్చిన ప్రవాహం మూడు లక్షల క్యూసెక్కులు దాటిందని లెక్కలు. ఆ ధారకు ఖాళీ జలాశయమైనా రెండు గంటల్లో నిండిపోతుంది. గేట్ల గుండా పోగలిగింది 2.17 లక్షల క్యూసెక్కుల దాకానే. మిగిలిన నీళ్లు కట్ట మీదినుంచి పొర్లక తప్పదు. కాంక్రీటు పొర్లుకు తట్టుకుంటుంది, మట్టికట్ట తట్టుకోదు. వెనకవైపు వాలు గంటల్లో కోసుకుపోతుంది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు ఆ పొద్దున ఏమైపోయాయో అక్కడి వాళ్లను అడగాలన్నా నోరు రాదు.

నీళ్లు దిగాక పొలాల్లో ఇసుక మేటలు మిగిలాయి. మేట జానెడు లోపుంటే చెరువు మట్టి, పేడ ఎరువు తోలి లోతుగా దున్ని కలపొచ్చు. రెండు మూడేళ్లలో నేల కొంత కుదురుకుంటుంది. మోకాలి లోతు దాటితే దున్ని లాభం లేదు, ఎత్తిపోయాల్సిందే. ఎత్తేటప్పుడు పాత నేల రంగు మారిన చోట ఆగాలి. యంత్రం ఇంకో అరడుగు దిగితే దశాబ్దాలు ఎరువు తిన్న పైమట్టి ఇసుకతోపాటే లారీ ఎక్కుతుంది. ఏట్లో ఉండాల్సిన ఇసుక పొలంలోనూ, పొలంలో ఉండాల్సిన మట్టి ఎక్కడో సోమశిల అడుగునా.

ఇప్పుడు వేసవిలో ఏట్లోకి దిగితే పాత వొరల బావులు అక్కడక్కడా గుంజల్లా నిలబడి ఉంటాయి. కట్టినప్పుడు ఆ పై వొర ఇసుకతో సమానంగా ఉండేది. కడవ పక్కన పెట్టి, దాని అంచుమీద కూర్చునేవాళ్లు. బయటపడ్డ వొరలను కింది నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే ఎన్ని అడుగుల ఇసుక పోయిందో తెలుస్తుంది. వాటి పక్కన, తుంగ పచ్చగా ఉన్న కాస్త ఇసుకలో, నోరు వెడల్పుగా తీసి తోడితే కొన్ని చోట్ల ఇప్పటికీ నీళ్లు ఊరతాయి. మూడుసార్లు పారబోసి, నాలుగోసారి ఆగి చూడాలి.